రెండో డ్రైవరు

అనంతపురంలో హనుమంతప్ప సావుకారి లారీలంటే అప్పట్లో ఒక పేరు. చెనక్కాయల కాలం వచ్చిందంటే ఆయన ఆరు లారీలకూ ఊపిరాడేది కాదు. మండీల ముందు గోతాల మీద గోతాలు, ఎర్రదుమ్ము, పచ్చికాయల వాసన, హమాలీల కేకలు. ఆ ఇరుకు సందులోంచి సుంకప్ప తన లారీని వెనక్కి తీస్తాంటే మోసేవాళ్లు గూడ మూటలు దించి చూసేవాళ్లు. ఒక్క గోతానికి తగలకుండా, ఒక్కసారి గూడ దిగి చూడకుండా, లారీని గోడకు ఆనించినట్టు నిలబెట్టేవాడు.

సుంకప్పది గుమ్మఘట్ట పక్కన ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే సగం కన్నడం. అందుకే బొంబాయి దావలో బళ్ళారి, హుబ్లీ, బెళగావి దాటేదాకా ఆయనకు పరాయి ఊరన్నదే ఉండేది కాదు. టీకొట్టు ఆడమనిషి మొదలు చెక్‌పోస్టు జవాను దాకా అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్లే. అయితే ఆయనకు అన్నిటికన్నా పెద్ద పేరు తెచ్చింది డ్రైవింగు కాదు, నిద్ర. నిద్ర లేకపోవడం అనాల.

బొంబాయి నుంచి వచ్చి, లారీ దిగకుండానే మద్రాసుకు లోడెత్తుకున్న దినాలున్నాయి. రెప్పలు బరువెక్కితే పచ్చిమిరపకాయ కొరికేవాడు. మెడకు తడిగుడ్డ చుట్టుకునేవాడు. గొంతు చించుకుని పాడేవాడు. "మా సుంకప్ప కండ్లకు దేవుడు రెప్పలు పెట్టేది మర్చిపోయినాడప్పా" అని సావుకారు నలుగురిలో అంటే, సుంకప్ప తలొంచుకుని నవ్వేవాడు గానీ లోపల్లోపల ఛాతీ ఉబ్బేది. నిద్రపోని సుంకప్ప అంటే చిత్రదుర్గం నుంచి గుత్తి దాకా తెలియని డ్రైవరు లేడు.

డెబ్బై మూడు ఎండాకాలంలో ఎర్రప్ప పడిపోయినాడు. ఎర్రప్పా అదే సావుకారి లారీ తోలేవాడు. సోమందేపల్లె దాటినాక, మిట్టమధ్యాహ్నం, ఎదురుగా ఒక ఎద్దులబండి గూడ లేని ఖాళీ రోడ్డు మీద, లారీ దావ దిగి పోయి చింతచెట్టుకు కొట్టుకునింది. మనిషి బతికినాడు. కుడికాలు మాత్రం మోకాలి కింద తీసేసినారు. సుంకప్ప ఆస్పత్రికి పోయి మంచం పక్కన కూచున్నాడు.

"ఏమయిందప్పా?"

"ఏమీ కాలేదన్నా," అన్నాడు ఎర్రప్ప. "సోమందేపల్లె కాడ బడి విడిచినారు, పిల్లోల్లు దావ దాటుతాంటే హారన్ కొట్టినా. అంతే నాకు గెవనం ఉండేది. కండ్లు తెరిస్తే ఈడ ఉండా."

సుంకప్ప జారిన దుప్పటిని ఎర్రప్ప నడుము దాకా లాగినాడు. బయటికొచ్చి ఆస్పత్రి గోడ నీడలో నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. ఎర్రప్పకు తనకున్నంత గట్టితనం లేదు, అందుకే ఇట్లయింది అనుకున్నాడు. అట్ల అనుకుంటే గాని మళ్లీ లారీ ఎక్కబుద్ధి కాలేదు.

ఎర్రప్ప కాలు పోయినాక లేబరాఫీసరు సావుకారి షెడ్డుకొచ్చినాడు. కొత్తగా ఏమీ చెప్పలేదు. ఎప్పట్నుంచో ఉన్న చట్టమే. డ్రైవరన్నవాడు దినానికి ఎనిమిది గంటలకు మించి తోలకూడదు, అయిదు గంటలు వరసగా తోలితే అరగంట దిగల్ల, వారానికొక దినం సెలవియ్యల్ల. దూరం పోయే బండికి ఇద్దరు డ్రైవర్లుండాల్సిందే.

సావుకారు నవ్వినాడు. "ఆ మాట చెనక్కాయలకు చెప్పండి సార్. అవి ముక్కిపోకుండా ఆగుతాయంటే మావోల్లు గూడ ఆగుతారు."

ఆఫీసరు నవ్వలేదు. మళ్లీ వస్తానన్నాడు, అన్నట్టుగానే వచ్చినాడు. ఎర్రప్ప నష్టపరిహారం కేసు ఇంకా తేలలేదు గదా, సావుకారు గొణుక్కుంటానే బొంబాయి లారీకి రెండో డ్రైవరును పెట్టినాడు. ఆ జీతానికి సరిపోవాలని క్లీనరును తీసేసినాడు.

ఆ రెండో డ్రైవరే యేసన్న. పెనుకొండ దగ్గర, ఊరికి అవతల ఉండే పల్లె. మిలట్రీలో లారీలు తోలి తిరిగొచ్చినవాడు. సుంకప్ప కంటే రెండుమూడేండ్లు పెద్ద. సన్నగా, నిట్టనిలువుగా, ఎడమచేతికి గడియారం కట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో షెడ్డులోకొచ్చి నిలబడితే సుంకప్పకు ఒళ్లు మండింది. తన లారీ మీద, తన గేర్లమీద ఇంకొకడి చెయ్యి పడడమంటే తనకు చేతకాదని నలుగురికీ చాటినట్టే గదా అని ఆయన బాధ.

మొదటి ట్రిప్పులో ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. బళ్ళారి దాటి చాలాదూరం పోయినాక యేసన్న గడియారం చూసుకున్నాడు.

"సుంకప్పా, టైమయింది. బండి పక్కకు తియ్యి."

"ఏంటికి?"

"అరగంట దిగల్ల. ఆ తర్వాత నేను తోల్తా."

"నాకు అలుపు రాలేదు."

"వచ్చినాక దిగేదానికి కాదప్పా రూలు. రాకముందర దిగేదానికి."

చుట్టూ చూస్తే ఒక చెట్టు లేదు, ఒక టీకొట్టు లేదు. నల్లరేగడి చేలు, దూరంగా ఒక కొట్టం. ఈడ దిగి ఏం చేస్తాడు మనిషి అనుకుంటా సుంకప్ప బండి ఆపినాడు. యేసన్న దిగి, లారీ నీడలో గోనెపట్ట పరుచుకుని, కాళ్లు బారజాపి, మూట విప్పి సద్ది తిన్నాడు. తిన్నాక చేను గెనెం గట్టు మీద అట్ల నడుచుకుంటా పోయి, ఎవరో రైతుతో వచ్చీరాని కన్నడంలో మాట్లాడి, తిరిగొచ్చి స్టీరింగు ముందు కూచున్నాడు. అరగంట సేపూ సుంకప్ప టైర్లు తట్టుకుంటా తిరిగినాడు, వేరే ఏం చెయ్యాలో తెలియక.

యేసన్న తోలుతాంటే వెనక బల్ల మీద పండుకునేది సుంకప్ప వంతు. పండుకున్నాడు గాని కన్ను మూయలేదు. "గేరు మార్చు", "ముందర గుంత ఉండాది", "ఆ బస్సోడు కొడతాడు చూడు" అని వెనకనుంచి చెప్తానే ఉన్నాడు. యేసన్న విన్నాడు, ఊ కొట్టినాడు, తన పద్ధతిలోనే తోలినాడు.

ఇంకొక సంగతి గూడ ఉంది. సుంకప్ప చెంబు వేరు, బొంత వేరు. యేసన్న బొంత మీద ఆయన పండుకునేవాడు కాదు, అతని సీసాలో నీళ్లు తాగేవాడు కాదు. యేసన్నకు అది కొత్త కాదు. తన సీసా తన పక్కనే పెట్టుకున్నాడు.

అట్ల కొన్ని నెలలు నడిచింది. ఒకసారి బొంబాయి నుంచి వస్తాంటే ధార్వాడ దగ్గర రేడియేటరు కారిపోయింది. ఉన్న నీళ్లన్నీ, సుంకప్ప చెంబులోవి గూడ, దాంట్లోకే పోయినాయి. రిపేరు చేసుకుని ఇద్దరూ ఎండలో కూలబడినారు. సీసాలో అడుగున రెండు గుక్కలున్నాయి. యేసన్న ఒక గుక్క తాగి, సీసా మధ్యలో నేలమీద పెట్టినాడు. చేతికియ్యలేదు, తాగమని గూడ అనలేదు. కొంచేపు చూసి సుంకప్ప సీసా ఎత్తుకుని తాగినాడు. అంతే. ఆ తర్వాత చెంబు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మరుసటి ట్రిప్పుకు సుంకప్ప బొంత ఇంట్లోనే వదిలేసి వచ్చినాడు. ఇద్దరికీ ఒకటే చాలు గదా, ఒకేసారి పండుకునేది లేదు.

రేడియేటరు కారిన దినమే, హుబ్లీ దాటినాక, సుంకప్ప నిద్రపోయినాడు. ఎప్పుడు పోయినాడో ఆయనకే తెలీదు. ఏండ్ల నిద్రంతా ఒక్కసారి మీద పడినట్టు పడిపోయినాడు. చెక్‌పోస్టులో లారీ ఆగింది, బళ్ళారి బజారులో హారన్లు మోగినాయి, ఏదీ వినపడలేదు. చివరికి చెవి దగ్గర ఎవరో ఆడమనిషి నవ్వుతాంటే కండ్లు తెరిచినాడు. కిటికీలోంచి ఆయన పెండ్లాం మారెక్క తొంగి చూస్తాంది.

"ఇది యా ఊరు?" అన్నాడు సుంకప్ప.

"మీ ఊరే," అన్నాడు యేసన్న ముందు సీట్లోంచి. "దావలోనే గదా అని రాయదుర్గం మీదుగా తెచ్చినా. రేపు నీకు సెలవు దినం. బండి ఈన్నే పెట్టుకో, ఎల్లుండి పొద్దున్నే పోదాం. నేను గుమ్మఘట్టకు పోయి బస్సెక్కుతా."

"బస్సు యాలన్నా. మాతోనే ఉండు," అన్నాడు సుంకప్ప. అన్నా అని పిలవడం అదే మొదటిసారి.

యేసన్న ఉండలేదు, తనకూ ఇల్లుందన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

అంతకుముందు సెలవులన్నీ షెడ్డులోనే గడిపిన సుంకప్పకు ఇంట్లో సెలవు దినమంటే ఏమిటో తెలీదు. పెండ్లయినప్పట్నుంచి ఆయన ఇంటికి రావడమంటే బియ్యం మూట దించి, ముద్ద తిని, లారీ ఎక్కడమే. ఇప్పుడు పొద్దు పొడిచినప్పట్నుంచి ఇంట్లో కూచుంటే ఇల్లే కొత్తగా కనపడింది. పొయ్యి ముందు కూచుంటే మారెక్కకు అడ్డం. వాకిట్లో కూచుంటే కసువూడ్చేదానికి అడ్డం.

"నువ్వు యాడన్నా ఒక్కచోట కూచోవయ్యా," అనింది మారెక్క. "మొగోడు ఇంట్లో ఉంటే ఎట్ల పని చేసుకోవల్లనో నాకు అలవాటు లేదు."

నాలుగేండ్ల కూతురు రామాంజినమ్మ తలుపు చాటు నుంచి చూస్తా దగ్గరికి రాలేదు. పక్కింటి పిల్లతో "మా లారీ నాయన వచ్చినాడు" అని చెప్తాంటే సుంకప్ప విన్నాడు. మిగతా పిల్లోల్లకు నాయన. తన బిడ్డకు లారీ నాయన. ఆ మాటకు ఊరంతా నవ్వింది గానీ ఆయనకు మాత్రం ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది. మళ్లీ వారం వచ్చినాడు. ఆ మళ్లీ వారం గూడ. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల లారీ అన్న మాట తీసేసింది. ఎప్పుడు తీసేసిందో సుంకప్ప గమనించలేదు, మారెక్క చెప్తే గాని.

తర్వాత తర్వాత, ముసలితనం దగ్గరపడినాక, ఆ బొంబాయి ఏండ్లను తలుచుకుంటే సుంకప్పకు దావలు గుర్తొచ్చేవి కాదు. అరగంటలు గుర్తొచ్చేవి. హుబ్లీ ఇవతల ఒక మల్లెతోట పక్కన ఆగిన అరగంట. కొల్లాపురం దగ్గర చెరుకు ఆడించే చోట వేడి బెల్లం ఆకులో పోసిచ్చిన అరగంట. వానలో చిక్కుకుని ఇద్దరూ లారీ కిందికి దూరి, ఒకరి కాళ్లు తడవకుండా ఇంకొకరు ముడుచుకుని కూచున్న అరగంట. సావుకారి పని మీద తిరిగినన్నాళ్లూ లోకమంతా అద్దంలోంచి వెనక్కి పారిపోతానే ఉండేది. యేసన్న గడియారం చూసుకున్నప్పుడు మాత్రం అది నిలబడేది.

యేసన్న కిరసనాయిలు స్టవ్వు మీద సంగటి కెలికితే సుంకప్ప దాంట్లోకి చెనక్కాయల ఊరిబిండి నూరేవాడు. చెనక్కాయలు వాళ్ల లోడులోవే, ఒక గోతానికి చిన్న చిల్లి ఎప్పుడూ ఉండేది. సుంకప్ప పాడేవాడు, ఇప్పుడు నిద్రాపుకునేదానికి కాదు, ఊరకే. యేసన్న ఆదివారం గుడిలో పాడే పాటలు కూనిరాగం తీసేవాడు. ఎక్కువగా మాట్లాడుకునేది సీటు మార్చుకునేటప్పుడే. ఒకరు లేచేటప్పటికి ఇంకొకరు పండుకోవల్ల గదా. "బ్రేకు కొంచెం లూజుగా ఉండాది. ముందర ఊర్లో తిరనాళ్ల, జనముంటారు." ఇంతే మాటలు. ఆ నాలుగు మాటలతోనే ఏండ్లు గడిచిపోయినాయి.

మిగతా డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు. "నిద్రపోని సుంకప్పను యేసన్న జోలపాడి పండబెట్టినాడంట." సుంకప్ప గూడ వాళ్లతో పాటు నవ్వేవాడు. ఆ లారీ ఆ ఏండ్లన్నిట్లో ఒక కోడిని గూడ తొక్కలేదు.

ఎనభైలు వచ్చేసరికి వానలు ముఖం చాటేసినాయి. ఒక ఏడు విత్తనమే పడలేదు. ఇంకొక ఏడు మొలిచింది మొలిచినట్టే మాడింది. మండీలు ఖాళీ. బొంబాయికి తోలేదానికి కాయల్లేవు. సావుకారు నాలుగు లారీలు అమ్ముకుని రెండు పెట్టుకున్నాడు. లేబరాఫీసర్లు మారినారు, షెడ్డుకొచ్చి అడిగేవాళ్లు లేరు. పశువులకు మేత లేక జనం ఎద్దుల్ని అయినకాడికి సంతకు తోలేస్తాంటే, సర్కారు గుమ్మఘట్టలో గడ్డి కేంద్రం పెట్టింది. నంద్యాల కాలువల కింద నుంచి వరిగడ్డి తెచ్చి పంచాల. ఆ కంట్రాక్టు లారీల్లో సావుకారి లారీ ఒకటి.

సుంకప్ప, యేసన్న ఆ గడ్డి తోలినారు. గడ్డి లోడంటే కొండ మాదిరి, రోడ్డుకు అటూ ఇటూ వేలాడుతాది. మెల్లగా పోవల్ల, గాలికి ఊగుతాది. రెండు ట్రిప్పులైనాక యేసన్న పెండ్లాం రామక్కకు విషజ్వరమొచ్చింది. యేసన్న దావలోనే దిగిపోవాల్సి వచ్చింది.

"ఒక్కనివే పోవద్దు," అన్నాడు దిగేటప్పుడు. "సావుకారు ఇంకొకర్ని పంపేదాకా ఆగు."

సావుకారు ఎవర్నీ పంపలేదు. "పది ఊర్ల ఎద్దులు నోరు తెరుచుకుని ఉండాయి సుంకప్పా. ఇప్పుడు రూలు చూసుకునే కాలమా? అందులో నీ ఊరి ఎద్దులు గూడ ఉండాయి," అన్నాడు. ఆ మాట నిజమే. సుంకప్పే పోయినసారి చూసినాడు, కొట్టాల కప్పులు పీకి మేపుతాండారు. తన ఊరి ముసలామె భద్రమ్మ, మొగుడు పోయినాక ఒక జత ఎద్దుల్ని బాడుగకు తోలుకుని బతికేది, ఆ ఎద్దుల ముందర కూచుని నోటికి ఆకులందిస్తాంటే చూసినాడు.

ఒక్కడే పోయినాడు. గడ్డి కట్టలు ఎత్తేదానికి నంద్యాలలో మనుషులు దొరక్క తనూ ఎత్తినాడు. కన్ను మూయకుండానే తిరుగు దావ పట్టినాడు. పచ్చిమిరపకాయలు కొనుక్కున్నాడు. చాలా ఏండ్ల తర్వాత కొరికితే నాలుక మండిందే గాని కండ్లు తెరుచుకోలేదు. గుత్తి దాటింది గుర్తుంది. ఎండ. తారు మెత్తబడి చక్రాల కింద జిగురుగా సాగుతాంది. పాడినాడు. పాట మధ్యలో ఏదో మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టినాడు.

ఎదురుగా ఒక మైలురాయి కనపడింది. దాని మీద రాయదుర్గం పేరుంది. ఉరవకొండ దాటినాక వచ్చే రాయి అది.

సుంకప్పకు అర్థం కాలేదు. ఉరవకొండ ఇంకా రాలేదు గదా. ఆ ఊరి కొండను ఎవరూ చూడకుండా దాటలేరు, అంత దూరం నుంచి కనపడే కొండ. ఊరి మధ్యలో బజారు, బస్టాండు, జనం. ఇదంతా తను దాటుకుని వచ్చినాడా? గేర్లు మార్చినాడా, హారన్ కొట్టినాడా, ఎవరన్నా అడ్డమొస్తే తప్పించినాడా? ఏమీ గుర్తు లేదు. ఆస్పత్రి మంచం మీద ఎర్రప్ప చెప్పిన బడి పిల్లోల్లు కండ్ల ముందర నిలబడినారు.

లారీని రోడ్డు దింపి వేపచెట్టు కింద ఆపినాడు. స్టీరింగు వదలకుండా చానాసేపు అట్లే కూచున్నాడు. ఇంకొంచెం దూరమే గదా అనింది మనసు. భద్రమ్మ ఎద్దులు గుర్తొచ్చినాయి. తాళంచెవి తిప్పబోయి ఆగినాడు. చివరికి దిగి, లారీ కింద బొంత పరుచుకున్నాడు.

అటుగా పోతా ఒక డ్రైవరు బండి ఆపి అడిగినాడు. "ఏమైందప్పా, టైరా?"

"కాదన్నా. నిద్దర."

ఆ డ్రైవరు ఒక నిమిషం చూసి, తల ఊపి పోయినాడు. సుంకప్ప లేచేసరికి మరుసటి దినం పొద్దు పొడుస్తాంది.

గుమ్మఘట్ట చేరేసరికి కేంద్రం ముందర జనం గుంపుగా ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. గడ్డి దింపుకున్నారు. వరసలో చివరన భద్రమ్మ కూచుని ఉంది. ఆమె ముందర ఒక ఎద్దు నిలబడి ఉంది. ఇంకొకటి పడి ఉంది, ఈగలు ముసురుతాండాయి.

సుంకప్ప పోయి ఆమె ముందర గొంతుక్కూచున్నాడు.

"దావలో పండుకున్నావంట గదా," అనింది భద్రమ్మ. దావలో ఆగి అడిగిన డ్రైవరు ముందుగానే వచ్చి చెప్పిపోయినట్టుంది.

"పండుకున్నా అవ్వా."

"నిన్న మాపటికి వచ్చింటే తినిండునేమో."

"వచ్చిండను అవ్వా. యాడో ఒకచోట ఎవరి మీదన్నా పోయిండును. లేదంటే నేనే పోయిండును."

"అది నాకెట్ల తెలియల్ల?" అనింది ఆమె. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. "నాకు తెలిసింది ఇదొకటే." అని పడిన ఎద్దు మీద చెయ్యి పెట్టింది.

సుంకప్ప లేచినాడు. గడ్డి ఒక మోపు తెచ్చి నిలబడిన ఎద్దు ముందర వేసినాడు. అది మొదట వాసన చూసింది, తర్వాత మెల్లగా తినబట్టింది. భద్రమ్మ దాని నోటి వైపే చూస్తా కూచునింది. మధ్యాహ్నం నలుగురు మొగోల్లు తాళ్లు కట్టి చచ్చిన ఎద్దును వంక దగ్గరికి లాగుతాంటే సుంకప్ప గూడ ఒక తాడు పట్టుకున్నాడు. గుంత తవ్వేదాకా ఉన్నాడు. భద్రమ్మ కట్ట మీద నిలబడి చూసింది. పొమ్మనలేదు, ఉండమనలేదు.

ఇంటికి పోతే మారెక్క కాళ్లకు నీళ్లిచ్చింది. ఊరంతా అనుకుంటాండేది ఆమె గూడ వినే ఉంటుంది.

"ఆపకుండా తోలింటే వచ్చిండునేమో," అన్నాడు సుంకప్ప.

"రాకుంటే?" అనింది మారెక్క. చెంబు కింద పెట్టి, "ఎద్దు కోసం నేనూ ఏడ్చినా. నువ్వే రాకుంటే ఎంత ఏడిస్తే తీరల్ల," అని లోపలికి పోయి సంగటి పెట్టింది. సుంకప్ప ముద్ద చేతిలో పెట్టుకుని కూచున్నాడు.

లోడు ఆలస్యమైందని తాలూకాఫీసు నుంచి సావుకారికి మాట పోయింది. సుంకప్ప షెడ్డుకు పోయేసరికి ఆయన మండిపడుతాండాడు.

"నిద్రపోని సుంకప్ప అని నలుగురికి చెప్పుకున్నా. నా పరువు తీసినావు. నాకు ఆ సుంకప్పే కావల్ల."

"ఆ సుంకప్ప ఎప్పుడో దిగిపోయినాడు సావుకారూ," అన్నాడు సుంకప్ప. "నీ బండికి రెండో డ్రైవరు లేకుంటే నేనెక్కను."

"అయితే ఎక్కొద్దు."

తాళంచెవులు బల్ల మీద పెట్టి బయటికొచ్చినాడు. పదైదేండ్లు పట్టుకున్న తాళంచెవులవి. రోడ్డు మీదికొచ్చినాక తేలికైన ఆ చేతిని ఏమి చెయ్యాలో తోచక చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నేరుగా పెనుకొండ బస్సెక్కినాడు. రామక్కకు జ్వరం తగ్గింది, గోడకానుకుని గంజి తాగుతాంది. యేసన్న అంతా విన్నాడు. ఎద్దు సంగతి వచ్చినప్పుడు తలొంచుకున్నాడు.

"నేనుంటే ఇంత కాకపోవును," అన్నాడు.

"నువ్వీడ ఉండల్ల గదన్నా."

"ఊ. ఈడ ఉండల్ల." పెండ్లాం వైపు చూసినాడు. పెండ్లాం జ్వరమూ, చచ్చిన ఎద్దూ, రెండిట్లో ఏదీ తక్కువ కాదని ఇద్దరికీ తెలుసు. మరుసటి దినం యేసన్న గూడ పోయి సావుకారికి రానని చెప్పి వచ్చినాడు.

కొన్నాళ్లు ఇద్దరూ ఆ బండీ ఈ బండీ తోలినారు. తర్వాత ఆర్టీసీలో డ్రైవర్లను తీసుకుంటాండారని తెలిసి, వయసు దాటిపోతాదేమో అనే భయంతోనే పోయి పరీక్షకు నిలబడినారు. ఇద్దరూ నెగ్గినారు. ఖాకీ గుడ్డలు, డ్యూటీ టైమింగులు, వారం వారం సెలవు. అడక్కుండానే అన్నీ ఉన్నాయి. కానీ బస్సుకు ఒకడే డ్రైవరు. సుంకప్పను రాయదుర్గం డిపోలో వేసినారు, యేసన్నను హిందూపురంలో. వాళ్ల సెలవు దినాలు గూడ వేరువేరుగా వచ్చేవి. ఏడాదికొకసారి ఏ పెండ్లిలోనో కనపడితే కనపడినట్టు.

ఎనభైల చివర్లో ఒకసారి పుట్టపర్తి ఉత్సవానికి జిల్లాలో డిపోలన్నిట్నుంచీ స్పెషల్ బస్సులు వేసినారు. జనం, దుమ్ము, దేశదేశాల మనుషులు. సుంకప్ప బస్సు నిలబెట్టి దిగుతాంటే రెండు బస్సుల అవతల ఎవరో సన్నటి మనిషి, నిట్టనిలువుగా, టైరు తడుతాండాడు.

"అన్నా," అని పిలిచినాడు.

యేసన్న తిరిగి చూసి నవ్వినాడు. జుట్టంతా తెల్లబడింది. ఇద్దరూ బస్టాండు గోడ పక్కన నీడలో ఒక గోనెపట్ట సంపాదించుకుని కూచుని, బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించుకుని తిన్నారు. పిల్లల మాటలు మాట్లాడుకున్నారు. రామాంజినమ్మకు పెండ్లయింది, కల్యాణదుర్గంలో ఉండాది. యేసన్న కొడుకు పెనుకొండ బళ్లో అయ్యవారు. హనుమంతప్ప సావుకారు లారీలన్నీ అమ్మేసి ఇంట్లోనే ఉంటాండాడు.

"భద్రమ్మవ్వ ఎట్లుండాది?" అడిగినాడు యేసన్న.

"పోయినేడు పోయింది. నేను పోయేటప్పుడల్లా పలకరిస్తాంటి. పలికేది. ఆ ఎద్దు మాట మాత్రం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మర్చిపోయిందని కాదు."

యేసన్న తల ఊపినాడు.

"నిద్దర పడతాందా?" అన్నాడు యేసన్న.

"పడతాది. కానీ ఇంట్లో మంచం కదలదు గదన్నా. మధ్యలో మెలకువ వస్తాది."

"నాకూ అంతే," అన్నాడు యేసన్న. "లేచి చూస్తే తోలేవాడు ఎవడూ లేడు."

ఆ మాటకు ఇద్దరూ కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వినారు. అంతలో హిందూపురం కండక్టరు విజిలేసినాడు. యేసన్న లేచి, చేతులు తుడుచుకుని, చొక్కా సర్దుకున్నాడు.

"కొత్తచెరువు కాడ రోడ్డు తవ్వినారు. ఎడమ పక్కన పో," అన్నాడు సుంకప్ప.

"సరే," అని యేసన్న పోయి తన సీట్లో కూచున్నాడు. బస్సు జనం మధ్యలోంచి మెల్లగా కదిలి గేటు దాటింది. సుంకప్ప ఆ దుమ్ము అణిగేదాకా నిలబడి, తన బస్సుకు నీళ్లు పట్టేదానికి బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయినాడు.